తెలుగు నేర్చిన దొర: ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను

ఇరువది ఏండ్లు దాటిన తరువాత కొత్త భాష నాలుకకు లొంగదని మనలో ఒక గట్టి నమ్మకం పాతుకొనిపోయింది. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతను ఈ సందర్భంలో వాడనివారు అరుదు. మా కళాశాలనే చూడండి. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి తెలుగు పత్రికను ముట్టడు. తెలుగు మాధ్యమం నుండి వచ్చినవాడు పక్కబెంచీ మిత్రుని పుస్తకంలో అలిఫ్ ఏదో, బే ఏదో అడిగి తెలుసుకొనడు. ఒకే గదిలో కూర్చొని, ఒకే హోటలులో టీ త్రాగి, చివరకు ఒకరి భాష ఒకరికి రాకుండానే సెలవు పుచ్చుకొంటున్నారు. కారణమడిగితే వయస్సు మించిపోయిందంటారు. ఈ సమాధానంలో నిజమెంతో తేల్చుకొనుటకు, పందొమ్మిదవ ఏట ఓనమాలు దిద్ది తెలుగువారికే నిఘంటువు వ్రాసి ఇచ్చిన ఒక పరదేశి జీవితాన్ని ఇక్కడ పరిశీలించదలచాము.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించినాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1800లో కలకత్తాలో వెలసిన ఫోర్ట్ విలియం కళాశాలలో ప్రొవోస్టు పదవిని నిర్వహించినవాడు. తన కుమారులకు చిన్ననాడే గ్రీకు, లాటిన్‌లతో పాటు హీబ్రూ, అరబ్బీ, పారసీ, హిందూస్తానీ భాషలతో పరిచయం కల్పించినాడు. 1812లో ఆయన కన్నుమూయగా కుటుంబం ఇంగ్లండు చేరింది. యువకుడైన బ్రౌను హెయిలీబరీలోని కంపెనీవారి కళాశాలలో శిక్షణ ముగించుకొని 1817 ఆగస్టు 4న మద్రాసు రేవులో అడుగుపెట్టినాడు. అప్పటికి ఆయనకు తెలుగులో ఒక్క అక్షరమైనా తెలియదు.

ఇన్ని భాషల నడుమ పెరిగినవానికి తెలుగు ఒక లెక్కా అని కొందరడుగవచ్చు. అడుగదగిన ప్రశ్నే. కాని ఆ భాషలలో ఏదియు తెలుగుకు దగ్గరి చుట్టం కాదు. తెలుగు సంస్కృతం నుండి పుట్టినది కాదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరొక కుటుంబమనీ ఎల్లిస్ దొర లోకానికి తెలియజేసినది 1816లో, అనగా బ్రౌను ఓడ దిగుటకు ఒక్క ఏడు ముందు మాత్రమే. పైగా అదే హెయిలీబరీలో అవే పాఠాలు చదివి, అదే మద్రాసులో అవే పరీక్షలు గట్టెక్కి, ఆ పైన ఉద్యోగమంతా దుబాసీ మాట మీదనే గడిపిన దొరలు ఎందరో ఉన్నారు. చిన్ననాటి చదువు బ్రౌనుకు చెవిని సిద్ధం చేసి ఉండవచ్చును. భాషను తెచ్చిపెట్టినది మాత్రం ఆ తరువాతి శ్రమయే అని మా అభిప్రాయం.

ఆ రోజులలో మద్రాసు చేరిన కంపెనీ ఉద్యోగులు ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాలలో దేశభాషలు చదివి పరీక్షలో నెగ్గవలసి ఉండెడిది. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు బ్రౌనుకు తెలుగు గురువు. పాఠ్యగ్రంథాలు కొరతగా ఉన్న కాలమది. 1814లో కేరీ వ్యాకరణం, 1816లో క్యాంబెల్ వ్యాకరణం మాత్రం అచ్చయినవి. అవి పండితుల పద్ధతిలో సూత్రాలను వివరించునవే గాని, బజారులో మంచినీళ్లు అడుగుట నేర్పునవి కావు. 1820లో బ్రౌను పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. ఆ ఏడే గవర్నరుగా వచ్చిన సర్ థామస్ మన్రో కళాశాల సభలో ప్రసంగిస్తూ, ప్రజల భాష తెలియని అధికారి ప్రజలకు ఉపయోగపడడనే భావాన్ని యువకుల మనస్సులకు ఎక్కించినాడు. ఆ మాట బ్రౌనును ఎన్నడును విడువలేదు.

అదే ఏట ఆయనను కడప కలెక్టరు కచేరిలో సహాయకునిగా నియమించినారు. పరీక్ష వేరు, భాష వేరు అని ఆయనకు అక్కడ తెలిసివచ్చింది. రైతు వచ్చి కిస్తు చెల్లించలేనని మొరపెట్టుకొంటాడు. సాక్షి వచ్చి తాను చూచినది ఒక తీరున, విన్నది మరొక తీరున చెబుతాడు. కరణం లెక్క చదువుతాడు. వీరెవ్వరును కళాశాలలో చదివిన వ్యాకరణం ప్రకారం మాట్లాడరు. ఇటువంటి చోట పెద్దవయస్సు విద్యార్థికి రెండు దారులు కనిపిస్తాయి. పుస్తకమే సరియైనదనీ, జనులే తప్పు మాట్లాడుచున్నారనీ అనుకొనుట మొదటిది. విన్నదానిని విన్నట్టు వ్రాసుకొనుట రెండవది. బ్రౌను రెండవ దారిని పట్టినాడు. చివరివరకు దానినే అనుసరించినాడు. ఆయన వ్యాకరణంలోను, నిఘంటువులలోను కచేరి వాసన, సంత వాసన కనిపించుటకు కారణమిదే.

1822లో ఆయన మచిలీపట్నానికి, 1825లో రాజమహేంద్రవరానికి మారినాడు. మా ఐనవిల్లి, ముక్తేశ్వరం, అమలాపురం మున్నగు గోదావరి లంకల సీమకంతటికి ఆ రోజులలో రాజమహేంద్రవరమే జిల్లాకు ముఖ్యపట్టణం. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకను లేదు, కాలువలు లేవు. ఒక ఏడు వరద, మరొక ఏడు ఎండ అన్నట్టుగా ఈ సీమ బ్రతికిన కాలమది. తెలుగు సాహిత్యం స్థితియు ఇంచుమించు అటులే ఉన్నది. కావ్యాలు తాటాకులలో ఉన్నవి. ఆ ఆకులు అటకల మీద ఉన్నవి. వాటికి అర్థం చెప్పగల పండితులకు ఆదరణ కరవైనది.

మచిలీపట్నంలో ఉండగా 1824 ప్రాంతంలో, ఫ్రెంచి మతాచార్యుడైన అబ్బే దుబోయి హిందువుల ఆచారాలను గురించి వ్రాసిన గ్రంథంలో వేమన పేరు బ్రౌను కంటబడినది. ఆయన వేమన పద్యాల కొరకు వెదుకసాగినాడు. పండితులకు ఇది రుచించలేదు. ఛందస్సు చాలని పద్యాలనీ, పామరుల నోటి మాటలనీ వారికి చిన్నచూపు. పెద్ద కావ్యాలతో ప్రారంభించవలెనని వారి సంప్రదాయం. ఆ సంప్రదాయం ఏడవ ఏట అమరం వల్లెవేయ మొదలుపెట్టిన బాలునికి తగినదే. వాడికి కంఠస్థం చేయుటకు పదేండ్ల వ్యవధి ఉన్నది. ఉద్యోగం చేసికొంటూ సాయంకాలం చదువుకొనే ఇరువదియారేండ్ల వానికి ఆ దారి సరిపడదు.

వేమన ఇటువంటి విద్యార్థికి ఎందుకు తగినవాడో కొంచెం ఆలోచించండి. ఒక్కొక్క ఆటవెలది తనకు తానే పూర్తియైన వస్తువు. ముందు వెనుకల కథ తెలియనక్కరలేదు. నాలుగు పాదాలలో చివరిది సాధారణంగా మకుటమే కనుక కొత్తగా గ్రహించవలసినవి మూడు పాదాలే. అందులోని ఉప్పు, కుక్క, చెప్పు, చెట్టు, కూడు అన్నియు ఇంట్లో ఉన్న మాటలే. ఉదయం ఒక పద్యం నేర్చినవాడు సాయంకాలానికి ఆ మాటలలో కొన్నింటిని వీధిలో వినగలడు. విన్నప్పుడు అవి మనస్సులో మేకు దిగినట్టు నిలుస్తాయి. ఇంత సులువుగా చదివినది వెంటనే వినిపించే గ్రంథం మరొక భాషలో ఎంతమందికి దొరుకుతుందో మాకు సందేహమే.

బ్రౌను చేసిన పని చదువుటతో ఆగలేదు. అనేక ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, పాఠభేదాలు గుర్తించి, ప్రతి పద్యానికి ఇంగ్లీషు అనువాదం వ్రాసినాడు. అనువాదమనునది పరభాషా విద్యార్థికి గొప్ప పరీక్ష. చదువునప్పుడు అర్థమైనదని భ్రమపడిన పద్యం, అనువదింప బూనుకొన్నప్పుడు అర్థం కాలేదని తేలిపోతుంది. అటుల 693 పద్యాలతో ఆయన వేమన గ్రంథం 1829లో మద్రాసులో అచ్చయినది. 1839 నాటి కూర్పులో ఆ సంఖ్య 1164కు పెరిగినది.

దీనికి ముందే, 1827లో, ఆయన తెలుగు సంస్కృత ఛందస్సులను వివరించే గ్రంథం ప్రకటించినాడు. తెలుగు నేర్చి పదేండ్లు నిండని పరదేశి ఛందస్సు వ్రాయుట సాహసంగా కనిపించవచ్చు. కాని అది కూడా నేర్చుకొనుటలో ఒక మెట్టుగానే మాకు తోచుచున్నది. తాటాకు ప్రతులలో మాటకు మాటకు నడుమ ఎడం ఉండదు, సంధులు మాటల అంచులను కలిపివేస్తాయి, వ్రాయసకాడు నిద్రమత్తులో ఒక అక్షరం మ్రింగివేస్తాడు. గణాలు, యతి, ప్రాస తెలిసినవానికి ఆ మ్రింగిన అక్షరం వెంటనే చిక్కుతుంది. పైగా పద్యాన్ని లయతో బిగ్గరగా చదువగలవాడు దీర్ఘానికి హ్రస్వానికి, ఒత్తు అక్షరానికి తేలిక అక్షరానికి భేదం నోటితో నేర్చుకొంటాడు. మా ఉర్దూ మిత్రులకు ఇది కొత్త విషయం కాదు. గజలును బహర్ తప్పకుండా చదువ నేర్చినవానికి ఉచ్చారణ తనంత తానే చక్కబడుట వారు ఎరిగినదే.

కడపకు తిరిగి బదిలీయైన తరువాత బ్రౌను అక్కడ ఒక బంగళా కొని, పండితులను, లేఖకులను రప్పించి, జీతాలిచ్చి పోషించినాడు. ప్రతులు సేకరించుట, సరిపోల్చుట, శుద్ధప్రతి వ్రాయుట, టీక తయారు చేయుట అక్కడి నిత్యకృత్యాలు. జనులు దానిని బ్రౌను కాలేజీ అని పిలిచినారు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆయన వెంట సంవత్సరాల తరబడి పనిచేసినారు. 1851లో వెలువడిన మనుచరిత్ర టీక అప్పయ్యగారి చేతిపనియే. ఈ ఖర్చంతయు బ్రౌను స్వంత జీతం నుండి పోయినది. అది చాలక అప్పులు కూడా చేసినాడు. ఆయన బ్రహ్మచారి కావడం వల్ల ఇది సాగినదని కొందరంటారు. కావచ్చును గాని, బ్రహ్మచారి దొరలందరు తాటాకులు కొనలేదు గదా.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. బ్రౌను తెలుగు నేర్చుకొన్నాడని మనం అంటున్నప్పుడు, నేర్పినవారిని మరచుచున్నాము. కావ్యంలోని పద్యానికి పండితుడు అన్వయం చెబుతాడు. దొర అడ్డు ప్రశ్న వేస్తాడు. పండితుడు అదే భావాన్ని ఇంట్లో మాట్లాడుకొనే తెలుగులో మళ్లీ విప్పి చెబుతాడు. ఆ విప్పి చెప్పిన తెలుగే బ్రౌనుకు అసలు పాఠమని మా ఊహ. కాగితం మీద మిగిలినది టీక. చెవిలో పడినది భాష. ఈ రెండవదానికి కూలి ఎంత ఇచ్చినను చాలదు. కోదండరామ పంతులు పేరు, అప్పయ్య పేరు ఈనాడు ఎందరు విద్యార్థులకు తెలుసు?

ఇటువంటి చదువు దొరలకే సాధ్యమని అనుకొనవద్దు. మా కోనసీమ నుండి కువైటుకు, దుబాయికి, మస్కటుకు ఇంటిపనులకు వెళ్లిన స్త్రీలను చూడండి. ముప్పదేండ్లు దాటి, కొందరు నలుబది కూడా దాటి, అక్షరం రాకుండానే వెళ్లినవారున్నారు. రెండు మూడేండ్లకు తిరిగి వచ్చునప్పటికి యజమానురాలితో ఫోనులో అరబ్బీలో ధారాళంగా మాట్లాడుతారు. వారికి వ్యాకరణం ఎవ్వరు చెప్పలేదు. ఉప్పు తెమ్మన్నప్పుడు పంచదార తెస్తే మాటపడవలసి వచ్చిన చోట ఆ మాట ఒక్కసారికే వచ్చేస్తుంది. కడప కచేరిలో బ్రౌనుకు కలిగిన అవసరమే వారికి వంటింట్లో కలిగినది. భేదమేమనగా, విన్నదానిని వ్రాసుకొనుటకు బ్రౌనుకు కాగితము, కలము, తీరిక ఉన్నవి. వారికవి లేవు. అందుచేత వారి అరబ్బీ వారి నాలుక మీదనే నిలిచిపోయినది.

1832-33లో గుంటూరు సీమను ఘోరమైన కరువు పీడించింది. సర్కారు కాగితాలలో దానిని కొరత అని మెత్తగా వ్రాయక కరువును కరువనే వ్రాసినందుకు బ్రౌను పైఅధికారుల ఆగ్రహానికి గురియైనాడని చెబుతారు. 1834లో ఆయన ఉద్యోగం చెడి ఇంగ్లండు వెళ్లవలసి వచ్చింది. అక్కడ కూడా ఊరక కూర్చొనలేదు. కంపెనీవారి ఇండియా హౌసు గ్రంథాలయంలో పడియున్న దక్షిణదేశ భాషల వ్రాతప్రతులను వెలికితీసి, రెండువేలకు పైగా ప్రతులు మద్రాసుకు చేరునట్లు ప్రయత్నించి సాధించినాడు. 1838లో తిరిగి వచ్చి మద్రాసులో ప్రభుత్వ పారసీక అనువాదకుడుగా పనిచేసినాడు. తరువాత పోస్టుమాస్టర్ జనరల్ పదవిని కూడా నిర్వహించినాడు.

ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైన భాగం ఇక్కడి నుండి ప్రారంభమైనది. 1840లో తెలుగు వ్యాకరణం వెలువడినది. తాను పడిన కష్టం తరువాతివాడు పడకూడదనే తలంపు దానిలో అడుగడుగున కనిపిస్తుంది. వ్యవహారంలోని భాష ముందు, కావ్యభాష తరువాత అని దాని క్రమం. 1852లో అచ్చయిన తెలుగు రీడరులో మొదటి పాఠాలుగా పురాణకథలు లేవు. ఇంటి ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు వ్యవహారాలు, రెవిన్యూ కాగితాలు ఉన్నవి. వాటికి ఇంగ్లీషు అనువాదము, వ్యాకరణ వివరణ, చిన్న పదకోశము జతపరచినాడు. వేరొక పుస్తకంలో తెలుగు, ఇంగ్లీషు సంభాషణలను కూర్చినాడు. హాస్యంతో కూడిన తాతాచార్యుల కథలు కూడా ఆయన ప్రకటించినవే. అనంతపురం రాజుల చరిత్రను 1853లో అనువదించి అచ్చువేయించినాడు. జాగ్రత్తగా గమనిస్తే ఇదంతా ఒకే పథకం. మేల్కొన్నది మొదలు పండుకొనువరకు మనిషి ఏయే కాగితం చదువుతాడో, ఏయే మాట వింటాడో, దానినే పాఠంగా పెట్టుట.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చినది. అది కావ్యభాషకు కట్టిన కోట. దాని అందం దానిదే. కాని వయోజనుడైన పరభాషీయుని చేతిలో బాలవ్యాకరణం పెట్టి తెలుగు నేర్చుకొమ్మనుట, ఈత రానివానికి ఓడ నిర్మాణశాస్త్రం బోధించుట వంటిది. తరువాతి కాలంలో వ్యావహారిక భాషకు పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు కూడా పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, పెద్దవాడైన పిమ్మటనే సవరల మాటలు సవరల నోట విని నేర్చి, వారి భాషకు నిఘంటువు కూర్చినాడు. ఇద్దరి పద్ధతికి ఎంత పోలిక!

ఇక నిఘంటువులు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, దానికి జంటగా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు వెలువడినవి. అంతకుముందు మచిలీపట్నం వాస్తవ్యుడైన మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక కూర్చినాడు. దాని ఆధారంతో క్యాంబెల్ 1821లో ఒక నిఘంటువు అచ్చువేసినాడు. బ్రౌను పని వీటికి భిన్నం. ముప్పది యేండ్లుగా కచేరిలోను, పొలంగట్టున, పండితుల నడుమను విని వ్రాసుకొన్న మాటలను కావ్యాల నుండి ఏరిన మాటల పక్కన కూర్చోబెట్టినాడు. మాట వాడుకలో ఎటుల వచ్చునో చూపినాడు. అదే 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైనది. ఆ నీటితో పండిన బియ్యం తింటున్న మేము ఆనకట్టను తలచుకొన్నంతగా నిఘంటువును తలచుకొనము.

మా కళాశాల పాఠకులకు వీటికంటె ముఖ్యమైన గ్రంథం మరొకటి ఉన్నది. అది 1854లో వెలువడిన మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిపోయిన పారసీ, అరబ్బీ, హిందూస్తానీ మాటలను ఏర్చి కూర్చిన పుస్తకమది. పండితులు అన్యదేశ్యాలని త్రోసివేసిన మాటలు ఇవి. అర్జీ, దస్తావేజు, రసీదు, జప్తు, వకీలు, గుమాస్తా, ఖరారు, జమాబందీ, రాజీనామా వంటివి లేకుండా తెలుగువాడు ఒక్క పూట అయినా కచేరి పని గడుపగలడా? ఉర్దూ విద్యార్థికి తెలుగులో ఇన్ని వందల మాటలు ముందే తెలిసియున్నవి. తెలుగు విద్యార్థికి ఉర్దూలో అన్ని మాటలు తెలిసియున్నవి. నేర్చుకొనుటకు కూర్చొనకముందే ఇద్దరికిని గాదెలో కొంత ధాన్యం ఉన్నదన్నమాట. బ్రౌను నిఘంటువులకు పునర్ముద్రణలు వచ్చినవి. గ్రంథాలయ సంఘంవారు వాటిని తెప్పించి, అలమరలో తాళం వేయక బల్ల మీద ఉంచినచో, వారానికి ఇరువది మాటలు ఇరుపక్షాల విద్యార్థులు కలిసి వ్రాసుకొనుటకు ఏ ఖర్చును ఉండదని కమిటీ పెద్దలకు మనవి.

బ్రౌనులో లోపాలు లేవని మేము అనము. ఆయన పాలించవచ్చిన కంపెనీ ఉద్యోగి. పండితుల తీర్పు కంటె తన తీర్పే మేలనే ధీమా ఆయన వ్రాతలలో తరచుగా తొంగిచూస్తుంది. కావ్యపాఠాలను పరిష్కరించునప్పుడు కొన్నిచోట్ల తొందరపడినాడని పండితుల అభియోగం. అయినను విన్న మాటను తక్కువ చేయకపోవుట అనే ఒక్క గుణం ఆ ధీమాను చాలవరకు కాచినది. తాను ఉన్న ఊళ్లలో పేదపిల్లలకు ఉచిత పాఠశాలలు నడిపినవాడనే సంగతి కూడా మరువరాదు.

1855లో ఉద్యోగం విరమించి ఆయన లండను చేరినాడు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో గౌరవ తెలుగు ఆచార్యుడైనాడు. మద్రాసులో ఓనమాలు దిద్దిన నాటికి సరిగా నలుబదియెనిమిదేండ్లకు లండనులో ఇతరులచేత అవే ఓనమాలు దిద్దింప కూర్చున్నాడన్నమాట. తన సాహిత్య జీవితాన్ని గురించి ఒక చిన్న పుస్తకం కూడా అక్కడ అచ్చువేయించుకొన్నాడు. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియారేండ్ల వయస్సులో, లండనులోనే మరణించినాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉన్నది. కడపలో ఆయన బంగళా ఉండిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల వలన ఒక గ్రంథాలయం వెలసి, భాషా పరిశోధన కేంద్రంగా ఎదిగినది. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మాత్రం 1903లో పెంపుచేసిన కూర్పుగా మళ్లీ అచ్చయినది. దానిని సంస్కరించిన ముగ్గురిలో ఒకరు, బ్రౌను వేమన పద్యాలు చదువుకొన్న రాజమహేంద్రవరం వారే, కందుకూరి వీరేశలింగం పంతులు.